అప్పజెప్పిన అక్షరాలు

చుక్క పడగానే కన్ను చురుక్కుమంది. “మూసుకునే ఉండండి మాస్టారూ, మధ్యలో తెరిచి చూశారంటే మళ్ళీ మొదటికొస్తుంది” అని చేతిలో దూది ముక్క పెట్టి, చుక్కలమ్మాయి పక్క మనిషి దగ్గరికి జరిగింది. ఆ కంటి ఆసుపత్రిలో అందరికీ ఆమె చుక్కలమ్మాయే. చెప్పులు చప్పుడు చేసుకుంటూ బెంచీ పొడవునా ఆగి ఆగి వెళ్తుంటే, ఆమె వెనకే ఒక్కొక్కరూ ‘అబ్బా’ అనడం వినిపిస్తోంది. రంగుల మాస్టారు తల వెనక్కి గోడకు ఆనించి కూర్చున్నాడు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. రంగుల దుకాణం ఆయనది. గోడకు వేసే ఏ రంగైనా కంటితో చూసి చేత్తో కలిపేస్తాడని జనం పెట్టిన పేరు అది. కనుపాప పెద్దదయ్యేదాకా, అంటే ఇంకో గంటసేపు, చేయడానికి ఏమీ లేదు. చదవడానికి లేదు, చూడడానికి లేదు, లేచి అటూ ఇటూ తిరగడానికి కూడా లేదు. ఆ ఖాళీలోకి సిగ్గు వచ్చి పక్కన కూర్చుంది.

రెండో పక్కన భార్య ఉంది. “చివరి వరుసదాకా గడగడా చదివేశారే! చార్టు దగ్గరామె ఈ వయసులో ఇంత చూపా అని ఆశ్చర్యపోయింది” అంది. ఆ గొంతులో సంతోషం వినపడుతుంటే మాస్టారుకి చార్టు ముందు కుర్చీలో కూర్చున్నప్పటికంటే ఎక్కువ చెమట పట్టింది. గడగడా. గాడిద రాగం తీస్తే నక్క పారిపోయె. గ, ర, త, న, ప. చార్టు ఉన్న గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ముందున్నవాళ్ళు లోపల పెద్దగా చదువుతుంటే బయట వరుసలో ఉన్నవాళ్ళకు వినిపిస్తుంది, పోయినసారే ఆయన ఆ అక్షరాలను గాడిదకూ నక్కకూ కట్టేసి ఇంటికి తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు ఎక్కం రాకపోతే పంతులుగారు గోడకుర్చీ వేయించేవారు; ఎక్కం వచ్చినవాణ్ణని అప్పుడు ఛాతీ విరుచుకునేవాడు. ఇవాళ చార్టు దగ్గరామె నల్లటి గరిటెలాంటిది ఎడమ కన్నుకు అడ్డం పెట్టి “ఇప్పుడు చివరిది చదవండి” అన్నప్పుడు, ఎదురుగా తెల్లటి పలక మధ్యలో, గోడకు చెమ్మ దిగినట్టు ఒక మరక తప్ప ఏమీ లేదు. ఆ మరకకే అప్పజెప్పాడు. అంతటితో ఆగినా బాగుండేది. ‘న’ దగ్గర కాస్త తటపటాయించి, కళ్ళు చికిలించి, నిజంగా పోల్చుకుంటున్నవాడిలా ఒక క్షణం ఆగి మరీ చెప్పాడు. ఆ ఆగడం ఎవరు నేర్పారు తనకు? ఇన్నాళ్ళూ నాటకాలాడేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండే మనిషి తను.

మరక ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం, చెమ్మ ఎప్పుడు దిగిందో ఏ ఇంటాయన చెప్పగలడు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయిన కొత్తలో లేదు. కట్టు విప్పిన రోజు ఎంత వెలుగు! ఆసుపత్రి కర్టెన్లు నీలం రంగువని అప్పుడే తెలిసింది, వాటిని అంతకుముందు బూడిద రంగువనుకున్నాడు. భార్య చెంప మీద ఒక చిన్న పుట్టుమచ్చ ఉండేదని మరిచేపోయాడు, అది అక్కడే ఉంది, చుట్టూ ముడతలు వచ్చాయంతే. ఇంటికి వెళ్తూ దారి పొడవునా బోర్డులు పైకి చదివాడు, రిక్షా అతను నవ్వుతున్నా మానలేదు. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఉపన్యాసమే. శుక్లం తీసేస్తే మనిషి మళ్ళీ పుట్టినట్టే, భయపడేవాడు మూర్ఖుడు, నన్ను చూడండి. ఆ నన్ను చూడండి అన్న మాట ఎన్నిసార్లు అన్నాడో. చూశారు. అందరూ చూశారు. ఇప్పుడా అందరిలో ఎవరి ముఖమూ తనకు నిండుగా కనబడదు. ముక్కూ కళ్ళూ ఉండాల్సిన చోట మసక, చుట్టూ జుట్టూ చెవులూ. తలుపు చట్రం మధ్యలో వంగి కనబడుతుంది, నిట్టనిలువు గోడ కడుపుతో ఉన్న మనిషిలా ముందుకొస్తుంది. మొన్నామధ్య దుకాణం గుమ్మంలో ఎవరో నిలబడితే “రండి రండి, ఎండలో నిలబడ్డారేం” అన్నాడు. అది నిచ్చెన. భార్య లోపల డబ్బాలు సర్దుతోంది, వినలేదనుకున్నాడు. వినలేదనే అనుకోవాలి.

ఆ వెలుగు రోజుల్లోనే జరిగింది భార్యతో గొడవ. వెనక అరలో మూత బిగించి మరిచిపోయిన పాత డబ్బా ఒకటి కనబడితే తెరిచాడు. మీద తన చేతిరాతే: మీగడ రంగు. లోపల చూస్తే నీళ్ళు కలిపిన పాలలా నీలంగా ఉంది. ఇది మీగడేమిటి? కొత్త కంటితో ఒకసారి, ఆపరేషన్ కాని ఎడమ కంటితో ఒకసారి చూశాడు. ఎడమ కంటికి అది మీగడే. అక్కడే, డబ్బా ముందు గొంతుక్కూర్చునే, సంగతి అర్థమైంది. శుక్లం ముదిరిన కంటికి లోకమంతా పసుపే కదా, అందుకని తను పసుపు తగ్గించి పోస్తూ వచ్చాడు. ఏళ్ళ తరబడి. మరి ఎవరూ వచ్చి అడగలేదేం? భార్యను పిలిచి అడిగితే, ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, డబ్బాలోకి చూసి, నవ్వింది. “అయ్యో, ఇదొక్కటీ నా కంటబడలేదన్నమాట. మీరు టీకి వెళ్ళినప్పుడు చెంచాడు పసుపు వేసి తిప్పేసేదాన్ని. అంతే.” ఆమెకది పెద్ద విషయం కాదు, కూరలో ఉప్పు తగ్గితే వేసినట్టు. తనకేమో నడిరోడ్డు మీద పంచె ఊడినట్టయింది. అన్ని ఇళ్ళ గోడల మీదా ఉన్నది తన కన్ను కాదు, ఆమె చెంచా. థాంక్స్ చెప్పాల్సిన నోటితో “నా వెనకాల నా పని దిద్దుతావా? ఇక ఈ బల్ల దగ్గరికి రాకు, నీ చెయ్యి నా డబ్బాల మీద పడకూడదు” అన్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. “సరేనండి” అంది. మర్నాటి నుంచి గల్లా దగ్గరే కూర్చుంది, కలిపే బల్ల వైపు తల కూడా తిప్పలేదు. ఆమె పంతం అంటే అదీ.

పంతం తనకూ ఉందిగా. అప్పటిదాకా కంట్లో చుక్కలు వేసింది ఆమే. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకుని, సీసా ఊపి, రెప్ప కిందికి లాగి, చుక్క సరిగ్గా పడిందని చూసుకుని, కంటి మూలలో వేలితో నొక్కి పట్టుకునేది. గొడవ రోజు సాయంత్రం సీసా పట్టుకుని వస్తే “నా కన్ను నేను చూసుకోగలను” అన్నాడు. చూసుకున్నాడు, ఏం చూసుకున్నాడు. తల పైకెత్తితే చెయ్యి వణికేది, ఒక చుక్క చెంప మీద, ఒకటి చెవిలోకి, ఒకటి చొక్కా కాలరు మీద. చెంప తుడుచుకుంటూ బయటికి వస్తే వేసుకున్నట్టే కనబడేవాడు. పైగా మంట. చూపు బాగానే ఉంది కదా, ఇంకెందుకని కొన్నాళ్ళకు ఆ సీసాను గూట్లో షేవింగ్ బ్రష్షు వెనక్కి తోసేశాడు. ఆమె గూడు తుడిచేటప్పుడు చూసే ఉంటుంది. సీసా నిండుగా ఉందని తెలిసే ఉంటుంది. ఏమీ అనలేదు. నా డబ్బాల మీద చెయ్యి పడకూడదు అన్న మనిషికి, సీసా మీద చెయ్యి వేసి ఎందుకు చెప్పాలి?

“మంటగా ఉందా?” అని భార్య అడిగింది. కంటి నుంచి నీరు కారుతోందట. దూదితో ఒత్తుకోమంది. లేదన్నాడు. మంట కంటిది కాదు. సంగీతం టీచరు గొంతు చెవిలో మోగుతోంది, నిన్నటి నుంచి ఆగకుండా.

ఆ టీచరు తల్లిని తన దగ్గరికే తెచ్చుకోబోతూ దుకాణానికి వచ్చింది. ముసలావిడ కోసం ఒక గది సిద్ధం చేసుకుంటూ, పొద్దున్న కిటికీలోంచి పడే ఎండలాంటి రంగు కావాలంది, “ఎండ వెలుతురు గాని వేడి ఉండకూడదు మాస్టారూ” అంది. ఎంత చక్కగా చెప్పిందో. అలాంటి మాట ఒకప్పుడు చాలు తనకు, చేతులు వాటంతట అవే కదిలేవి. తెల్ల రంగులో పసుపు పోసి తిప్పాడు. కుడి కంటికి మధ్యలో మరక, రంగు వెలిసిపోయినట్టు. ఎడమ కంటికి అన్నీ పసుపే. ఒక డబ్బాలో రెండు రంగులు. ఇంకొంచెం పోశాడు, ఇంకొంచెం. మరీ గాఢమైందేమోనని ఆ పసుపు మంట తగ్గించడానికి నలుపు ఒక్క చుక్క. గొట్టం మూతిలోంచి చుక్క జారడం కనబడలేదు, ఎంత పడిందో తెలియలేదు. పసుపులో నలుపు పడితే ఆకుపచ్చ తిరుగుతుంది, అది ఈ వృత్తిలో మొదటి రోజు నేర్చుకునే పాఠం. గల్లా దగ్గర ఆమె ఉంది. ‘ఇదిగో, ఒకసారి వచ్చి చూడు’ అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. మింగేసి, మూత బిగించి, సుత్తితో కొట్టాడు.

నిన్న టీచరు వచ్చింది. గది మొత్తం వేసేశారట, రంగు ఆరాక చూస్తే ఏడుపొచ్చిందట. రంగు పూసిన చిన్న అట్టముక్క బల్ల మీద పెట్టి “ఇది ఎండా? చెప్పండి, ఇది ఎండా? మా అమ్మ ఆ గదిలో పడుకోవాలి” అంది. తను నోరు తెరిచాడు. ఏం చెప్పడానికో తెలియదు, తెరిచాడు. అంతలో గల్లా దగ్గర కుర్చీ జరిగిన చప్పుడు. “తప్పు నాదమ్మా. ఆయన ఆ రోజు లేరు. నేను కలిపాను” అంది భార్య. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, అయినా తిన్నగా చెప్పింది. టీచరు ఆమె వైపు తిరిగింది. “చేతకాని పని మీరెందుకు పెట్టుకున్నారండీ? ఆయన పేరు చూసి కదా మేము వచ్చేది! ఆయన ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించిన పేరు మీరు పాడుచేస్తారా?” ఇంకా ఏవేవో అంది. భార్య “నిజమేనమ్మా, మళ్ళీ వేయిస్తాం” అంటూ తల ఊపింది. ముఖం తనకు కనబడలేదు, కొప్పు కదలడం మాత్రం కనబడింది. అప్పుడు తనేం చేస్తున్నాడు? కర్రతో డబ్బా తిప్పుతున్నాడు. కలపాల్సినదేమీ లేదు అందులో. ఉత్త తెల్ల రంగు. తెలుపును తెలుపులో తిప్పుతూ, ఆ మాటలు అయిపోయేదాకా నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ టీచరు “పాపం మీరేం చేస్తారు మాస్టారూ” అంది. దానికి తల కూడా ఊపాడు. ఊపాడా? ఊపాడు.

ఇంటికి వెళ్ళాక భార్య తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. కంచం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది, రేపు ఆసుపత్రికి వెళ్ళాలని గుర్తుచేసింది. తిడితే ఎంత బాగుండు. “ఇవాళ చూపు ఇంత బాగుందంటే, ఎడమ కన్నుకు కూడా ఆపరేషన్ తేదీ తీసేసుకుందాం. ఏమంటారు?” అంటోంది ఇప్పుడు పక్కనుంచి. ఏమంటాడు. ఆమె నిజంగా నమ్మింది. లేదా తను అప్పజెప్పాడని తెలిసే ఊరుకుంటోందా? చూద్దాం, ఎంతదాకా వెళ్తాడో చూద్దాం అని? రెండింటిలో ఏది నిజమైనా తలెత్తుకునేట్టు లేదు.

చుక్కలమ్మాయి వచ్చి, టార్చి వేసి చూసి, “పెద్దదైంది, లోపలికి వెళ్ళండి” అంది. కళ్ళు తెరిస్తే ట్యూబులైటు తెల్లగా మీద పడింది, గోడలూ మనుషులూ ఆ తెలుపులో కరిగిపోయారు. భార్య మోచెయ్యి పట్టుకుని నడిపించింది. డాక్టరమ్మ గదిలో చల్లగా ఉంది, గడ్డం ఆనించే చోట ఇనుము ఇంకా చల్లగా ఉంది. కాగితం తిప్పుతున్న చప్పుడు. “చార్టు మొత్తం చదివారట, భేష్. ఒకసారి పైపైన చూసి పంపించేస్తాను” అందామె. పైపైన. పంపించేస్తుంది. వెళ్ళి మళ్ళీ నిచ్చెనలను పలకరించవచ్చు, మళ్ళీ కర్ర తిప్పవచ్చు, ఇంకెవరో వచ్చి ఇంకోసారి అడిగితే ఆమె మళ్ళీ కుర్చీ జరుపుకుని లేస్తుంది.

“చదవలేదు డాక్టరమ్మా” అన్నాడు. “అప్పజెప్పాను.”

గడ్డం ఇంకా ఆ ఇనుము మీదే ఉంది, పక్కకు తీయాలో ఉంచాలో తెలియలేదు. “బయట వరుసలో విని కంఠతా పట్టాను. పోయినసారి కూడా అంతే. మధ్యలో ఏమీ కనబడదు. చుక్కలు కూడా... సరిగ్గా వేసుకోలేదు. మానేశాను.” ఒక్కొక్క ముక్కా బయటికి వస్తుంటే గొంతు చిన్నపిల్లాడి గొంతులా అవుతోంది. వెనక భార్య చేతిసంచి జిప్పు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది.

డాక్టరమ్మ కోప్పడింది. కోప్పడి, ఇంకో గదికి పంపించి, యంత్రంలో కంటి వెనకభాగం ఫొటో తీయించి, దాన్ని చూస్తూ నెమ్మదించింది. కంటి వెనక పొరలో నీరు చేరి వాచిందట. ఆపరేషన్ తర్వాత కొందరికి వస్తుందట, వెంటనే చెబితే చుక్కలతోనే తగ్గిపోయేదట. “ఇప్పటికీ చుక్కలతోనే మొదలుపెడదాం. తగ్గకపోతే కంట్లో ఇంజెక్షన్ చేయాల్సి వస్తుంది. మునుపటంత చూపు వస్తుందా అంటే ఇప్పుడే మాట ఇవ్వలేను. మీరు చెప్పి ఉండాల్సింది, మాస్టారూ.” ఆయన తలొంచుకున్నాడు. భార్య ఒక్కటే అడిగింది: “చుక్కలు ఏ వేళల్లో వేయాలో నాకు చెప్పండమ్మా. నేను వేస్తాను.”

బయటికి వచ్చాక ఆమె మోచెయ్యి పట్టుకోలేదు. నల్లద్దాలు పెట్టుకున్నా ఎండ సూదుల్లా గుచ్చుతోంది, ముందు ఆమె చీర ఒక ముదురు మచ్చలా కదులుతుంటే దాన్నే గుర్తుగా పెట్టుకుని నడిచాడు. మందుల షాపు దాటాక ఆ మచ్చ ఆగింది. “కన్ను సంగతి సరే” అంది. “నిన్న ఆ టీచరు నన్ను అన్ని మాటలంటుంటే కర్ర తిప్పుతూ నిలబడ్డారే. అది చెప్పలేదేం డాక్టరమ్మకి?”

“ఆమెకి కాదు కదా చెప్పాల్సింది.”

“మరి ఎవరికి?”

టీచరు ఇల్లు ఆ వెనక వీధిలోనే, మేడ మీద. “పద” అన్నాడు. కింద గేటు దగ్గర ఆమె నిలబడిపోయింది. “నేను రాను. ఆవిడ ముందు ఒకసారి నిలబడ్డాను, చాలు. మీరు వెళ్ళండి.” రెయిలింగ్ పట్టుకుని, మెట్టు మెట్టూ కాలితో వెతుక్కుంటూ ఎక్కాడు. పైన తలుపు తట్టగానే తెరుచుకుంది. గుమ్మంలో తెల్లటి వెలుగు, అందులో మనిషి ఆకారం. ఆగితే మళ్ళీ మింగేస్తానని భయం వేసి, ఒక్క గుక్కలో చెప్పేశాడు. రంగు కలిపింది నేను, మా ఆవిడ కాదు, నాకు కళ్ళు కనబడటం లేదు, ఎవరికీ చెప్పలేదు, నిన్న ఆమె నా పరువు కోసం అబద్ధమాడితే నేను నోరు మూసుకుని నిలబడ్డాను, మీరు ఆమెను అన్న మాటలన్నీ నావి.

ఆ ఆకారంలోంచి ఒక ముసలి గొంతు, నింపాదిగా: “అమ్మాయి పాఠం చెప్పడానికి వెళ్ళింది నాయనా. నాకా చెవులు అంతంత మాత్రం. గట్టిగా చెప్పు, ఎవరు ఏం కలిపారూ?”

మాస్టారుకి చెవులు కాలిపోయాయి. వెనక్కి దిగి వెళ్ళిపోవచ్చు. అమ్మాయి లేదు కదా, వచ్చాను కదా, చెప్పాను కదా. ఊపిరి తీసుకుని, గొంతెత్తి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు. మెట్ల దారిలో ఆ గొంతు గోడలకు తగిలి కింది దాకా దొర్లింది. ఎదురు వాటా తలుపు తెరుచుకుంది. పైఅంతస్తులో ఎవరో మాటలు ఆపేశారు. “నాకు కళ్ళు కనబడటం లేదు” అన్న చోట గొంతు చీలింది, “మా ఆవిడ తప్పేం లేదు” అన్న చోట ఇంకా పెద్దగా అరవాల్సి వచ్చింది, ఎందుకంటే ముసలావిడ “ఎవరి తప్పు?” అని మళ్ళీ అడిగింది.

“ఓహో, నువ్వా” అంది చివరికి. “రంగు మాత్రం అస్సలు బాగాలేదు నాయనా. పాచిపట్టిన బావిలో పడుకున్నట్టుంది.”

“అవునమ్మా.”

“నువ్వు చూశావా?”

“చూడలేదమ్మా. చూసినా తెలియదు. మీరు చెబుతున్నారుగా.”

ముసలావిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మాయి వచ్చేస్తుంది, ఆ మాట దానికీ చెప్పి వెళ్ళు అంది. అలాగే అన్నాడు. ఆ గది ఇదేనా? కొత్త రంగు వాసన ఇంకా ఉంది. కిటికీ ఉన్న వైపు తెల్లగా, మిగతా అంతా మసకగా ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, కర్ర లేకపోతే ఆ చేతులతో ఏం చేయాలో తోచలేదు. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఆడమనిషి అడుగులు, తొందరగా ఎక్కుతున్నాయి. టీచరో, భార్యో ఆ చప్పుడును బట్టి పోల్చుకోలేకపోయాడు. నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, తలుపు ఉందనుకున్న వైపుకు తిరిగి లేచి నిలబడ్డాడు.